బాలికల ఆట – ఇంటి ధర్మము

ఐదవ తరగతి చదువు బాలిక బడి ఆవరణలో తొక్కుడుబిళ్ల ఆడినను, ఖోఖోలో పరుగెత్తినను ఏ పెద్దవారును ఆక్షేపింపరు. ఆ బాలికయే ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికి ప్రశ్నలు మొదలగును. ఇంకను ఈ గంతులేమి? ఎండకు నల్లబడిన పిల్లను ఎవరు చేసికొందురు? రేపు చేయో కాలో విరిగినచో? ఒక్కొక్క ప్రశ్న చిన్నదే. అన్నియు కలిసి ఆమెను మైదానమునుండి ఇంటిలోనికి నడిపించును. ఆడవలదని ఎవ్వరును ఆజ్ఞాపించి యుండకపోవచ్చును. ఒకనాడు ఆమె వెళ్లదు, మరునాడును వెళ్లదు, అంతటితో సరి.

ఇది కర్నూలు, కడప జిల్లాలకే పరిమితమైన విషయము కాదు. 146 దేశములలో 2016 వరకు సేకరించిన లెక్కలనుబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో ఒక అధ్యయనము ప్రకటించిరి. బడికి పోవు 11 మొదలు 17 ఏండ్ల వయసు వారిలో, బాలికలు నూటికి 85 మంది, బాలురు నూటికి 78 మంది దేహమునకు చాలినంత శ్రమ చేయుట లేదని అందు తేలినది. బాలుర స్థితియు మెచ్చదగినది కాదు. అయితే బాలుడు ఆట మానినచో అది చాలవరకు వాని సోమరితనమువలన. బాలిక మానుట ఇంటివారి ఇష్టమువలన. ధర్మవిచారము అవసరమగుట ఇచ్చటనే.

ఆట అన్నము కాదు, చదువు కాదు, మానినంత మాత్రమున వచ్చిన నష్టమేమి అని అడుగువారు కలరు. ఎముకలు బలము కూడగట్టుకొను కాలము ప్రధానముగా కౌమారమే. ఆ ఏండ్లలో పరుగు, దూకుడు లేని దేహము ఏబదియేండ్లు దాటిన పిమ్మట దాని ఫలమును అనుభవించును. ఇది వైద్యుల మాట. దీనికంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. ఓడిపోయి మరునాడు తిరిగి బరిలో నిలుచుట, జట్టులో తన చోటు తాను కాచుకొనుట, తన దేహము ఎంత చేయగలదో తానే కనుగొనుట - ఇవి పుస్తకమువలన రావు. కొడుకునకు ఇవి ఉచితముగా లభించును. కూతురు వీనిని అనుమతి పొంది సంపాదించుకొనవలసి యున్నది.

ఈ పత్రిక చదువు కుటుంబములకు ఇందులో మరియొక మెలిక కలదు. వీరశైవము పంచసూతకములను అంగీకరింపదు. ఆ ఐదింటిలో రజస్సూతకము ఒకటి. లింగధారణ గల స్త్రీ ఆ దినములలోను ఇష్టలింగపూజ మానవలసిన పని లేదని పెద్దలు బోధించుచు వచ్చిరి. పూజకే అడ్డురాని దేహధర్మము పరుగుపందెమునకు ఎట్లు అడ్డువచ్చినది? పూజగదిలో లేని మైల మైదానములో ఎక్కడినుండి పుట్టినది? ఆ దినములలో నొప్పి నిజమే. విశ్రాంతి కోరిన బాలిక విశ్రమింపవలసినదే. కాని ఆ నాలుగు దినముల పేరు చెప్పి నాలుగేండ్ల ఆటను మాన్పించుట వేరు. ఇరుగుపొరుగు ఆచారమును చూచి, తమ పెద్దలు కాదన్న సూతకమును తామే కొనితెచ్చుకొనుట వింతయే.

కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలములోని ఎర్రమల్లెపల్లెకు చెందిన నల్లపురెడ్డి శ్రీచరణి మొదట పరుగుపందెములు, ఖోఖో, బ్యాడ్మింటన్ వంటివి ఆడినది. క్రికెట్‌ను గట్టిగా పట్టినది కౌమారము గడచిపోవుచున్న దశలోనే. 2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబైలో దక్షిణాఫ్రికాపై 52 పరుగుల ఆధిక్యముతో ప్రపంచకప్పు గెలిచిన భారత మహిళల జట్టులో ఆమె ఉన్నది. ఆ పోటీలలో ఆమె ఎడమచేతి స్పిన్నుకు 14 వికెట్లు దక్కినవి. ఇందు గమనింపవలసినది వికెట్ల సంఖ్య కాదు. పదమూడవయేటనే ఆమె ఆటలు మాని యుండినచో, ఏమి పోయినదో ఆ పల్లెకు గాని, ఆ ఇంటికి గాని తెలిసియుండెడిది కాదు. తనకు తగిన ఆట ఏదో తెలియకముందే ఎందరు బాలికలు ఇంటికి చేరుచున్నారో!

కర్నూలుకు చెందిన షేక్ జాఫ్రిన్ వినికిడి లేని యువతి. 2022 మే నెలలో బ్రెజిల్‌లో జరిగిన బధిర ఒలింపిక్ క్రీడలలో పృథ్వీ శేఖర్‌తో జతకట్టి టెన్నిస్ మిశ్రమ డబుల్స్‌లో కాంస్యపతకము గెలిచినది.

ఇట్టి విజయములు వచ్చినప్పుడు ఊరు ఊరంతయు పూలమాలలతో కదలును. కదలుట మంచిదే. కాని ఆ మాలయే మరునాడు మరియొక బాలికకు అడ్డుగోడ యగుచున్నది. "నీవు శ్రీచరణివలె ఆడగలవా? ఆడగలిగినచో పొమ్ము" అందురు. వీధిలో మూడు పుల్లలు పాతి సాయంకాలమంతయు బంతి కొట్టు కొడుకును ఇట్లు ఎవ్వరు అడిగిరి? వాడు దేశమునకు ఆడడని ఇంటిల్లిపాదికి తెలియును. అయినను వాని ఆట ఆగదు. పతకము తెచ్చునను నమ్మకముపై కూతురునకు అనుమతి నిచ్చుట ఔదార్యమువలె కనబడు బేరము. చివరి స్థానమున వచ్చు బాలికకును మైదానమున చోటుండవలెను.

స్క్వాష్ వంటి ఆటకు నాలుగు గోడల ప్రత్యేక ప్రాంగణము కావలెను. 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడలలో జోష్నా చిన్నప్ప, దీపికా పళ్లికల్ దానిలోనే బంగారు పతకము గెలిచిరి; సీమ పల్లెలకు అది ఇంకను దూరపు మాట. ఖోఖోకు రెండు కంబములు, చదునైన నేల చాలును. ఆ నేలను రాళ్లు ఏరి బాగుచేయుటకు పెద్ద నిధులు అక్కరలేదు. తిండి సంగతి మాత్రము చూడక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేననుసరించి రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగమునకు మించి రక్తహీనతతో నున్నారు. రాగిసంగటి, పప్పు, గ్రుడ్డు, ఆకుకూర కొడుకు పళ్లెములో ఎంత పడునో కూతురు పళ్లెములోను అంత పడవలెను.

తల్లిదండ్రుల భయమును తేలికగా కొట్టివేయరాదు. చీకటిపడిన పిదప బస్సునకై నిలుచు కూతురును తలచి కలత చెందు తండ్రి దుర్మార్గుడు కాడు. 2023లో దేశమునకు పతకములు తెచ్చిన మల్లయోధురాండ్రే తమ ఫిర్యాదు వినుడని ఢిల్లీ వీధిలో కూర్చొనవలసి వచ్చినది. కాని భయము పురుషుల నడతనుగూర్చి, శిక్ష బాలికకు. దొంగకు వెరచి ఇంటివారిని సంకెలలో నుంచినట్లున్నది. పరస్థలమునకు పోవునప్పుడు ఉపాధ్యాయిని తోడుండుట, సాధనను తల్లిదండ్రులు ఎప్పుడైనను వచ్చి చూడగలుగుట, బాలిక చెప్పిన మాటను ముందు నమ్ముట - బడిని అడిగి సాధింపవలసినవి ఇవి.

ఇక కాలము. కర్నూలు, కడపలలో ఫాల్గుణము దాటినచో పగటి ఎండలో ఆట అసాధ్యము. సాధనకు మిగులునవి తెల్లవారుజాము, ప్రొద్దుగూకువేళ. కల్లాపి, కుళాయి వద్ద నీటి వరుస, అంట్లు, ప్రొయ్యి - ఇంటిపనియంతయు ఆ రెండు గంటలలోనే కూతురుపై పడును. అన్న ఆ వేళ ఎక్కడ నున్నాడని ఎవ్వరును వెదకరు. ఉదయపు బిందెలు రెండు అన్న మోసినచో, చెల్లెలు ఆరుగంటలకు మైదానమున నుండగలదు.