అవ్వ కూర్చున్న కుర్చీ

మెదక్‌లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. చిన్నాయనకు రాందాస్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం. ఒకాయన ఖర్చుపెట్టాక లెక్క రాస్తాడు, ఇంకొకాయన లెక్క రాశాకే ఖర్చుపెడతాడు. తల్లి ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ. మోకాళ్లు అరిగాయి గానీ మాట అరగలేదు.

2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ఎంప్రెస్ అనే విహార ఓడ నడవబోతోందని పేపర్లో పడింది. మెదక్ వాళ్లకు నీళ్లంటే మంజీర, ఘనపురం ఆనకట్ట, పోచారం చెరువు. శివరాత్రికి ఏడుపాయల. అవ్వ డెబ్బై ఆరేళ్లలో సముద్రం చూడలేదు. ఆ మాట ఆమె ఎన్నడో అంది. కొడుకులకు ఇప్పుడు గుర్తొచ్చింది.

గుర్తొచ్చాక గొడవ మొదలైంది. ఓడలో గదులు నాలుగు రకాలు. కిటికీ అసలే లేనిది చవక. ఆ పైన తెరుచుకోని గుండ్రటి అద్దం ఉన్నది. ఆ పైన బాల్కనీ ఉన్నది. అన్నిటికన్నా పైన సూట్. కిటికీ లేని గదికీ బాల్కనీ గదికీ ఇరవై రెండు వేలు తేడా వచ్చింది.

“సముద్రం మీదికి వొయ్యి సముద్రం గనవడని అర్రల పండుకుంటార్రా ఎవలన్న?” అన్నాడు పెద్దాయన.

“అన్నా, పైన డెక్కు మీద సముద్రం ఊకెనే గనవడుతది. ఇరవై రెండు వేలంటే నా దుకాణంల ఎన్ని చీరలమ్మాల్నో నీకెర్కనా?” అన్నాడు చిన్నాయన.

ఈ పంచాయితీ ఒక సాయంత్రం చర్చి మెట్ల దాకా నడిచింది. మెదక్‌లో ఏ మతం వాళ్లయినా చుట్టాలొస్తే చర్చికి తీసుకెళ్తారు, చుట్టాలు లేకపోయినా వెళ్తారు. అవ్వకైతే అది సొంతిల్లే. కరువు రోజుల్లో పాస్నెట్ అనే మిషనరీ దొర పనికి తిండి పెట్టి ఈ గుడి కట్టించినప్పుడు ఆమె నాయనమ్మ ఇక్కడ రాళ్లు మోసింది. కట్టడం పూర్తయి 1924 క్రిస్మస్ నాడు తలుపులు తెరిచేదాకా ఎందరి కడుపులు ఆ కూలి మెతుకు మీదే నడిచాయో! ఈ సీమకు మెతుకుసీమ అనే పేరుంది మరి.

అవ్వ లోపల రంగుటద్దాల కిటికీల ముందు కూర్చుంది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి మూడున్నాయి. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో పెట్టారు. పొద్దు దిగుతుంటే నీలం, ఎరుపు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కాసేపటికి గోడలో నల్లటి చట్రాలు మిగిలాయి.

“గాజులు గట్లనే ఉన్నయ్ రా. ఎలుగే వాయె,” అంది అవ్వ.

కొడుకులు వినలేదు. ఇరవై రెండు వేల దగ్గరే ఉన్నారు.

చివరికి ఎవరి దారి వారిది. పెద్దాయన దంపతులకు ఎడమ వైపు బాల్కనీ గది. చిన్నాయన దంపతులకు ఓడ నడుమ కిటికీ లేని గది, అందులోనే మూడో పడక అవ్వకు. పండుకునే మనిషికి కిటికీ దేనికని చిన్నాయన వాదన. రైలు అప్పటికింకా మెదక్ దాకా రాలేదు, ఆ సెప్టెంబరులో వచ్చింది. కాబట్టి బస్సులో సికింద్రాబాదు, అక్కణ్నుంచి రాత్రి రైల్లో విశాఖ.

ఓడ సాయంత్రం కదిలింది. ఊరి దీపాలు కనుమరుగయ్యేదాకా అందరూ పై డెక్కు మీదే నిలబడ్డారు. తర్వాత భోజనం, పాటలు, మేజిక్కు. అర్ధరాత్రి గదికొచ్చిన పెద్దాయన బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా చీకటి, కింద చప్పుడు. జూన్ గాలికి అక్కడ నిలబడలేక రెండు నిమిషాల్లో తలుపేశాడు.

కింద కిటికీ లేని గదిలో అవ్వకు మెలకువొచ్చింది. రోజూ నాలుగింటికి లేచి వాకిట్లో సాన్పి చల్లిన శరీరం. కళ్లు తెరిస్తే చీకటి, మూస్తే చీకటి. తెల్లారిందో లేదో చెప్పడానికి కోడి లేదు, కిటికీ లేదు. చిన్నకోడలు నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక గంటన్నర మంచం మీదే కూర్చుంది. ఆ తర్వాత కొడుకును తట్టి, “నన్ను ఎలుగున్న కాడికి తోల్కపో బిడ్డా,” అంది.

డెక్కు మీదికి లిఫ్టు, లిఫ్టు దిగాక మెట్లు. పైన తడి నేల, ఊగే ఓడ, పట్టుకోవడానికి దూరంగా ఎక్కడో కమ్మీ. నాలుగడుగులేసి అవ్వ ఆగిపోయింది. ఊరికే దొరికే సముద్రానికి మోకాళ్లు కిరాయి అడిగాయి. చిన్నాయన ఏం చేయాలో తోచక అన్న గది తలుపు తట్టాడు.

అవ్వ బాల్కనీ కుర్చీలో కూర్చున్నప్పుడు వెనకవైపు మబ్బుల అంచున పొద్దు పొడుస్తోంది. విశాఖ నుంచి చెన్నై వెళ్లే ఓడకు తూర్పు ఎడమ చేతిన ఉంటుంది. పెద్దాయన అది తెలిసి తీసుకున్నాడా అంటే, లేదు, ఏజెంటు ఇచ్చింది తీసుకున్నాడు. పొద్దు నెత్తిమీదికి వచ్చి అవతలి పక్కకు వాలాక ఆ బాల్కనీకి నీడొచ్చింది. అవ్వ లేవలేదు. అన్నం పళ్లెం అక్కడికే తెప్పించుకుంది. కొడుకులూ కోడళ్లూ ఈత కొలను, చాయ్, ఆటలు అంటూ తిరుగుతూ మధ్యలో వచ్చి చూస్తే ఆమె అదే కుర్చీలో, అదే నీళ్ల వైపు చూస్తూ ఉంది. ఏం కనిపిస్తోందని అడిగితే, “ఏం గనవడ్తలేదు, గదే మంచిగున్నది,” అంది.

చెన్నైలో దిగాక లెక్కలు తేలాయి. పెద్దాయన మొహం వాడింది. తానూ భార్యా కలిసి బాల్కనీలో గడిపింది అరగంట. ఇరవై రెండు వేలు నీళ్లపాలయ్యాయని ఒప్పుకున్నాడు. చిన్నాయన మీసం మెలేశాడు.

“నీ అర్రల తెల్లారింది గూడ ఎర్క గాలె నాకు,” అంది అవ్వ చిన్నోడితో. తర్వాత పెద్దోడి వైపు తిరిగింది. “మీరిద్దరు అర్రలు కొన్నరు బిడ్డా. నాకు గావల్సింది కుర్చి. అది నీ కాడ దొరికింది.”

పంతులు కదా, వేళ్ల మీద లెక్కేశాడు. పొద్దున ఐదున్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా పదమూడు గంటలు. గంటకు పదిహేడు వందలు కూడా పడలేదు. చిన్నాయన నోరు మెదపలేదు. కానీ తిరుగు రైల్లో అన్న చేతిలో పదకొండు వేలు పెట్టాడు.

నీతి: కిటికీకి ధర కట్టే ముందు, దాని దగ్గర పగటిపూట కూర్చునేది ఎవరో తేల్చుకో.

కథకు ఒక్క నీతి చాలు గానీ, ఈ మధ్య టికెట్ కొనబోయే వాళ్లు నన్ను అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. సాయంత్రం బయల్దేరి ఎల్లుండి పొద్దున దించే ప్రయాణంలో చేతికొచ్చేది ఒక్క పగలు. ఆ పగలంతా పైన తిరిగే వయసూ ఓపికా ఉంటే కిటికీ లేని గదిలో హాయిగా పడుకోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. నిజానికి అంత చీకట్లో పట్టే నిద్ర ఇంట్లో కూడా పట్టదు. కడుపులో తిప్పే వాళ్లయితే గది ఎంత కిందికి, ఎంత నడుమకు ఉంటే అంత మంచిది, ఊపు అక్కడే తక్కువ. అలాస్కా మంచుకొండలు, నార్వే ఫ్యోర్డులు అయితే వేరే మాట. అక్కడ ఓడ కొండల పక్కనుంచే వెళ్తుంది, వేసవిలో పొద్దు చాలా ఆలస్యంగా గుంకుతుంది. అక్కడ బాల్కనీకి పెట్టిన డబ్బుకు పగలు బాగా దొరుకుతుంది.

బాల్కనీయే కావాలంటే ఓడ పటం తెరిచి చూడండి. కొన్ని గదుల ముందు లైఫ్‌బోట్లు వేలాడుతుంటాయి, సముద్రానికి బదులు వాటి అడుగుభాగం కనబడుతుంది. పొద్దు ఏ వైపు పొడుస్తుందో కూడా ముందే అడగండి. ఎంప్రెస్ 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ. ఆ కాలపు ఓడలకు బాల్కనీలు కొద్దిగానే ఉండేవి, అందుకే వాటి ధర కొండెక్కుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు వస్తుంటే మాత్రం బేరం మానేసి తీసుకోండి. ఆ గది వాళ్లకే ఇవ్వండి, మీరు కిందికి పోండి.

ఓడ సంగతి ఎలా ఉన్నా, మెదక్ వస్తే చర్చి చూడకుండా వెళ్లకండి. కిటికీల కోసమే అయితే పొద్దు వాలకముందే రండి.