అరిగిన నాణెము

కాగజ్‌నగరమున నొక మిత్రుడు మిక్కిలి యరిగిన సీసపు నాణెమును మా చేతికిచ్చి, "అయ్యా, యిది మంచిదా, దొంగదా?" యని యడిగెను.

అరుగుదల దోషము గాదు. చేతులు మారిన నాణెమున నెత్తైన భాగములు ముందుగా నరుగును. పల్లములందు రేఖలు నిలుచును. పోతపోసిన నకలునందు రెండును సమముగా మొద్దువారి, యంచున నతుకుగీత తరచుగా గానవచ్చును. అయినను బ్రాచీనులును గొన్ని నాణెములను బోతపోసిరి గావున నీ గురుతొక్కటియే చాలదు. అరుగుదలచే తూకము తగ్గును గావున నదియు నొంటరి సాక్షియే.

పూర్వపు కరీంనగరు జిల్లాలో, గోదావరి యొడ్డున గల కోటిలింగాలలో దొరకిన నాణెములను పరబ్రహ్మశాస్త్రిగారు పరిశోధింపగా, శాతవాహన శిముకుని పేరును, గోబద, నారన, కంవాయసిరి, సమగోపుల పేర్లును బయల్పడినవి. ఈ నలువురను బురాణము లెరుగవు. ఎవరైన నా నాణెములను దొంగవని కరగించియుండినచో వారి పేర్లే మిగిలియుండవు.

న్యాయస్థానమున సందేహఫలము నిందితునిది. ఇచ్చట మంచిదని యమ్మువాడే ఋజువు చూపవలెను. కాని ఋజువు లేనంతమాత్రమున దొంగదని తీర్పు చెప్పరాదు.

"ఎచ్చట దొరకినది?" యంటిమి. సంతలో గొన్నాడట; చోటు తెలియదు. నేల చెప్పవలసిన సాక్ష్యము పోయినది. అది మంచిది కావలెనని మాకును గోరిక కలిగెను. తన వ్యాజ్యమునకు దానే న్యాయాధిపతి యగుట తగదని తలచి, "నిర్ణయింపజాల"మని తిరిగి యిచ్చితిమి. అతడు సంతోషింపలేదు.

చదువరులారా, లోకమున నరిగిపోయిన మనుజుని గూర్చి మన మింతపాటి నిదానమైన జూపుచున్నామా?