కదిలే కన్ను, దిద్దిన బొమ్మ: ఏది ప్రత్యక్షం?

కంటి వెనుక పొర అయిన రెటీనాను ఓసీటీ (ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ) యంత్రం ఒక్క క్లిక్కుతో ఫొటో తీయదు. సన్నని కాంతికిరణాన్ని చుక్క చుక్కగా, సాలు పక్కన సాలుగా, చేను దున్నినట్టు నడుపుతుంది. 1991లో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో బృందం వెల్లడించిన ఈ పద్ధతిలో పూర్తి బొమ్మకు తరచూ కొన్ని సెకన్లు పడుతుంది. అంతసేపు కన్ను కుదురుగా ఉండదు. గడ్డం ఆనించి, వెలుగు చుక్కనే చూస్తున్నా కనుగుడ్డు మెల్లగా జారుతుంది, ఉన్నట్టుండి చిన్న గెంతు వేస్తుంది. గెంతిన చోట రక్తనాళం తెగి, పక్కకు జరిపి అతికినట్టు కనబడుతుంది. రెప్ప పడితే నల్లని పట్టీ మిగులుతుంది.

ఒక జ్ఞానం సరైనదని ఎలా తెలుస్తుందన్న మన దర్శనాల పాత తగాదా ఇక్కడ మళ్లీ లేస్తుంది. ప్రామాణ్యం స్వతస్సిద్ధం, దాన్ని కొట్టేసే బాధకం ఎదురయ్యేదాకా నమ్మవచ్చునన్నారు మీమాంసకులు. కాదు, పరతః, మరో ఆధారంతో తేలాలన్నారు నైయాయికులు. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ రెండో పక్షమే పట్టాడు.

తెగిన నాళానికి మీమాంసకుల దారి చాలు. నాళం అలా తెగి ఉండదు గనుక బాధకం బొమ్మలోనే ఉంది. చిక్కంతా మెల్లని జారుడుతో. స్కాన్ సాగుతుండగా కన్ను ముందుకో వెనక్కో జరిగితే రెటీనా వంగినట్టు కనబడుతుంది, నిజంగా వంగి ఉన్నా అలాగే కనబడుతుంది. ఒక్క స్కాన్‌ను ఎంతసేపు చూసినా ఆకారమేదో కదలికేదో తేలదు. వరుసలన్నిటినీ ఒకే ఎత్తుకు సర్దే సాఫ్ట్‌వేర్ కదలికతోపాటు అసలు వంపునూ చెరిపేయగలదు. తప్పు దిద్దబోయి ఒప్పును కొట్టేసినట్టు!

అందుకే రెండో సాక్షి. ఒకసారి అడ్డంగా, మరోసారి నిలువుగా స్కాన్ చేస్తారు. ఒక్క వరుస చాలా త్వరగా ముగుస్తుంది, ఆ దిశలో కదలిక ప్రభావం తక్కువ. అడ్డ స్కాన్ బలహీనపడే దిశలో నిలువు స్కాన్ గట్టిది. రెండూ పొసిగేలా కదలికను లెక్కగడతారు. అన్నంభట్టు పక్షమే నెగ్గినట్టు.

అలా వచ్చిన బొమ్మ ప్రత్యక్షమా, లేక తర్కంతో తేల్చిన అనుమానమా? ఆ రూపం ఏ ఒక్క క్షణంలోనూ యంత్రానికి అందినది కాదు గనుక అనుమానమనే అనిపిస్తుంది. అయితే మన చూపూ అంత శుద్ధమైనదేమీ కాదు. 1950లలో కాంటాక్ట్ లెన్స్‌కు అద్దం బిగించి, దృశ్యాన్ని రెటీనా మీద కదలకుండా నిలిపితే అది కొద్ది సెకన్లలోనే మాసిపోయింది. యంత్రానికి దోషమైన ఆ కదలికే కంటికి చూపునిస్తోంది. కదిలే కంటి నుంచి నిలకడైన లోకాన్ని మెదడు అల్లుకుంటుంది, అల్లిక మాత్రం మనకు తెలియనివ్వదు. యంత్రంలో ఆ దాపరికం అక్కర్లేదు: దిద్దని స్కాన్‌ను కూడా దాచి ఉంచితే, సందేహం వచ్చిన చోట రెండూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.