మనశ్శాంతి ఎవరి పూచీ?

విశ్వవిద్యాలయాల్లో యీ మధ్య వొక మాట వాడుకలోకి వచ్చింది: ఉద్యోగుల మానసిక స్వస్థత. సర్క్యులర్లలో కనిపిస్తోంది, సెమినార్ బ్యానర్ల మీద కనిపిస్తోంది. అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, వొక వక్త వచ్చి ఊపిరి ఎలా పీల్చాలో, ఎలా వదలాలో గంటసేపు చెప్పి పోతాడు. యీ తంతును వెక్కిరించడం తేలిక. మనవాళ్ళలో చాలామంది వెక్కిరిస్తున్నారు కూడా. కాని వెక్కిరింత జవాబు కాదు. పనిచేసే చోట మనిషి మనసు చెదిరితే దానికి పూచీ ఎవరిది? ఆ మనిషిదా, అతనిచేత పని చేయించుకునే సంస్థదా? ప్రశ్న యిది.

నేను రాయికల్ వాణ్ణి. మా చుట్టుపక్కల ఉన్నత విద్యాలయాలకు యిప్పుడు కొదవ లేదు. నాచుపల్లిలో 2007 నుంచి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల, పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, కరీంనగర్‌లో 2008లో వెలసిన శాతవాహన విశ్వవిద్యాలయం వున్నాయి. బీడీలు చుట్టిన తల్లులు, గల్ఫుకు పోయిన తండ్రులు తమ పిల్లల్ని పిహెచ్.డి. దాకా చదివించారు. ఆ పిల్లల్లో చాలామంది యెక్కడో వొక విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు అధ్యాపకులయ్యారు.

వాళ్ళలో వొకడు నాకు బాగా తెలుసు. పదిహేనేళ్ళుగా పాఠం చెబుతున్నాడు. ఏటా కాంట్రాక్టు గడువు దగ్గర పడేసరికి అతనికి నిద్ర పట్టదు. పెండ్లి సంబంధాలు చూసిన కాలంలో పిల్లవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న ‘పర్మినెంటా?’ అనే. బ్యాంకు వాడు అడిగినదీ అదే. చివరికి డాక్టరు దగ్గరికి పోతే మాత్రలిచ్చాడు. మాత్రలు నిద్రనిచ్చాయి, కొనసాగింపు ఉత్తర్వును ఏ మాత్రా యివ్వలేదు. యిప్పుడు చెప్పండి, యితని జబ్బు యితని తలలో వున్నదా, కార్యాలయపు ఫైలులో వున్నదా?

రెండు చోట్లా వున్నదని నా సమాధానం. ఫైలు సంగతి ముందు చూద్దాం.

యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం బోధనా పదవుల్లో 10 శాతానికి మించకూడదు. వారి జీతం కొత్తగా నియమితుడైన అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతానికి తగ్గకూడదు. కాగితం మీద యింతకన్నా స్పష్టంగా వుండటం కష్టం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగుల్ని క్రమబద్ధం చేసినప్పుడు జూనియర్ లెక్చరర్లు అందులో వున్నారు, విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అధ్యాపకులు లేరు. 2025 ఏప్రిల్‌లో వాళ్ళు తరగతులు వదిలి ఆందోళనకు దిగవలసి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో, గుజరాత్ కాంట్రాక్టు అధ్యాపకుల కేసులో, సుప్రీంకోర్టు వొక మంచి మాట అన్నది: సభల్లో గురువును బ్రహ్మ, విష్ణువు అని కీర్తించి వూరుకుంటే సరిపోదు, ఆ గౌరవం జీతంలోనూ కనబడాలి అని దాని సారాంశం.

మార్క్స్ 1844 రాతప్రతుల్లో శ్రమ పరాయీకరణను గురించి రాసినప్పుడు ఆయన కళ్ళ ముందున్నది ఫ్యాక్టరీ కార్మికుడు. అధ్యాపకుడి సంగతి కొంచెం తేడా. అతడికి తన పని మీద ప్రేమ వుంటుంది. ఆ ప్రేమే అతణ్ణి చవకగా నిలబెట్టడానికి పనికి వస్తుంది. సున్నపు బట్టీలో కూలివాడు కూలి చాలకపోతే మరో బట్టీ వెతుక్కుంటాడు. యితడు మాత్రం ‘యీ పిల్లల్ని నడి సంవత్సరంలో వదిలి ఎట్లా పోను?’ అంటాడు.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వ్యవసాయ కూలీలు వేలాదిగా కదిలి వచ్చారు. జైత్రయాత్ర అని దానికి పేరు. కూలి, భూమి, వెట్టి రద్దు వారి కోర్కెలు. కాని ఆనాటి సంగతులు పెద్దలు చెప్పుకునేటప్పుడు మరొకటి కూడా చెబుతారు: దొర ఎదుట వంగిన నడుము నిటారు కావడం. ‘బాంచెన్’ అనే మాట నోటిలో మాత్రమే వుండదు. వెన్నులో, నిద్రలో, కలలో వుంటుంది. దాన్ని పోగొట్టుకోవడమే ఆ మనుషులకు మొదటి మానసిక చికిత్స అనుకుంటాను. యివాళ ఏటేటా శాఖాధ్యక్షుడి గది ముందు నిలబడి, సమావేశంలో నోరు మూసుకుని, తనది కాని పరీక్షల పనీ, నాక్ కాగితాల పనీ నెత్తిన వేసుకునే డాక్టరేటు పట్టభద్రుడి నోట ఆ మాట రాదు. స్థితి మాత్రం దానికి దగ్గర బంధువే.

సిరిసిల్ల మరొక పాఠం చెబుతుంది. మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు అక్కడ ఎన్నో ఏళ్ళు వార్తలయ్యాయి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి పని దొరికాక కొంత వూపిరి పీల్చుకున్నారు. ఆ ఆర్డర్లు ఆగినాక 2024లో మళ్ళీ ఆ విషాద వార్తలే వచ్చాయి. చావుకు ఏకైక కారణం వెదకడం తప్పు. అయినా పని భరోసాకూ బతుకు మీది ఆశకూ సంబంధం లేదనే ధైర్యం ఎవరికుంది?

యిక్కడిదాకా వస్తే మన మిత్రులు హాయిగా తల వూపుతారు. అందువల్లనే వారితో నా పేచీ. ‘వ్యవస్థ మారితే అన్నీ సర్దుకుంటాయి, కౌన్సెలింగ్ అంతా బూర్జువా పూతమందు’ అనే ధోరణి మనలో వుంది. యిది తప్పు, కొంత క్రూరం కూడా. పర్మినెంటు ప్రొఫెసర్లకూ దిగులు జబ్బు వస్తుంది. జబ్బు జబ్బే, కాలు విరిగినవాడితో రోడ్డు బాగుపడేదాకా ఆగమని అనం గదా! క్రమబద్ధీకరణ ఉత్తర్వు ఎప్పుడో వస్తుంది. నా మిత్రుడు యీ రాత్రి నిద్రపోవాలి. 2022లో మొదలైన టెలి-మానస్ నంబరు 14416 అతడికి నేనే యిచ్చాను. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బక్కర లేదు. పోరాటం చేయగలగడానికైనా మనిషి మిగలాలి.

కాబట్టి కౌన్సెలర్ కావాలి. అయితే ఎవరి కౌన్సెలర్? రిజిస్ట్రారుకు నివేదిక పంపేవాడైతే అతడు వైద్యుడు కాడు, వేగువాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి రహస్యాన్ని హక్కుగా గుర్తించింది. కాంట్రాక్టు మీద బతికేవాడికి ఆ హక్కు అక్షరాలా అన్నం. ‘వీడి మనసు బాగాలేదట’ అన్న వొక్క గుసగుస చాలు, వచ్చే ఏడు అతడి పేరు జాబితాలో వుండకపోవడానికి. సంఘాలు జీతం అడిగేటప్పుడు దీన్నీ అడగాలి.

2025 జూలైలో, విశాఖలో చనిపోయిన వొక విద్యార్థిని కేసులో, సుప్రీంకోర్టు మానసిక ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ వుండాలనీ, బోధన, బోధనేతర సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ యివ్వాలనీ ఆదేశించింది. సరైన ఆదేశమే. పిల్లవాడి ముఖం చూసి లోపలి గాయం గుర్తుపట్టడం గురువు నేర్చుకోవాలి. కాని రేపు తానుంటాడో వుండడో తెలియని గురువును ఆ కాపలాకు పెడుతున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు వ్యక్తికి తోడ్పాటుతో పాటు పని పరిస్థితుల్ని మార్చడాన్నీ సిఫారసు చేశాయి. మన విశ్వవిద్యాలయాలు మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని మరిచాయి. యోగా గంట చవక.

అధ్యాపకుల్ని గురించే యింతసేపు మాట్లాడాను, ఎందుకంటే వాళ్ళకు రాయడం వచ్చు, పిటిషన్ పెట్టడం వచ్చు. హాస్టలు వంటశాలలో తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించే ఆడమనిషి ఏజెన్సీ జీతగత్తె. ఆమె విశ్వవిద్యాలయ ఉద్యోగి కాదని విశ్వవిద్యాలయం అంటుంది. అక్టోబరు 10 సభలో ఆమె వుంటుంది, చాయ్ కప్పులు అందిస్తూ. వూపిరి సంగతి ఆమెను ఎవరూ అడగరు.