రెఫరీ తీర్పు మనకు కలిసొస్తే అది న్యాయమేనా?

"ఆడలేక మద్దెల ఓడు" అని పెద్దలు ఒక సామెత చెప్పారు. ఓడినవాళ్ళు రెఫరీని తిట్టుకుంటూ ఉంటే మనం వెంటనే ఈ సామెత అనేస్తాం. కానీ ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటే? అప్పుడు గెలిచినవాళ్ళు ఏమనాలి? నోరు మూసుకుని కప్పు ఇంటికి తీసుకుపోవచ్చా? ఈ ప్రశ్నకు ఆ సామెతలో జవాబు లేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో బోస్టన్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు, తన ఆఫీసులో ఇంకా తెగని ఒక వాదన గురించి చెప్పాడు. ఆ ఆట జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా కాఫీ తాగేటప్పుడు ఆ మాట వస్తే చాలు, ఇద్దరు స్నేహితులు రెండు పక్షాలు అయిపోతారట. ఒకడు బోస్టన్ పక్క జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అభిమాని. ఇంకొకడు అప్పట్లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఉన్న రైడర్స్ జట్టు అభిమాని.

ముందుగా ఆ ఆట గురించి రెండు మాటలు. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. బంతి రెండు కొనలూ మొనదేలి ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, ముందుకు విసురుతారు. ఎక్కువగా విసిరేవాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టు మొత్తానికి అతనే ఇరుసు లాంటివాడు. అతనికి దెబ్బ తగిలితే దిగడానికి ఒక బదులు ఆటగాడు బెంచీ మీద కూర్చుని ఉంటాడు. ఇంకొక్క సంగతి తెలిస్తే చాలు. ముందుకు విసిరిన బంతిని ఎవరూ పట్టకుండా నేల మీద పడితే, బంతి ఆ జట్టుకే ఉంటుంది. విసరకుండానే చేతిలోంచి జారిపోతే మాత్రం ఎవరు దొరకబుచ్చుకుంటే వాళ్ళదే.

2001లో పేట్రియట్స్‌కి అసలు క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సో. ఆ సంవత్సరం మార్చిలోనే పదేళ్ళకు 10 కోట్ల 30 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకున్న పెద్ద ఆటగాడు. సెప్టెంబర్ 23న న్యూయార్క్ జెట్స్‌తో ఆడుతుండగా అతనికి గట్టి దెబ్బ తగిలి ఛాతీ లోపల రక్తం కారింది. అతని బదులు దిగినవాడు టామ్ బ్రేడీ. 2000 సంవత్సరంలో జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకున్నప్పుడు 199వ పేరుగా వచ్చినవాడు. ఆ రోజు ఆట పోయింది. కానీ ఆ తర్వాత బ్రేడీ మొదటినుంచి ఆడిన 14 ఆటల్లో 11 గెలిచారు. మధ్యలో బ్లెడ్సో కోలుకున్నాడు. అయినా కోచ్ బిల్ బెలిచిక్ బ్రేడీనే ఉంచాడు. "ఇతను నిజంగా గొప్పవాడా, జట్టు బాగుండి నెట్టుకొస్తున్నాడా" అని అభిమానులు తగువులాడుకున్నారు.

ఇక అసలు రాత్రి 2002 జనవరి 19. ఫాక్స్‌బరో స్టేడియంలో మంచు కురుస్తూనే ఉంది. ఓడినవాళ్ళు ఇంటికి పోవాల్సిన ఆట. ఇంకా రెండు నిమిషాలు కూడా లేవు. రైడర్స్ 13, పేట్రియట్స్ 10. బ్రేడీ బంతి విసరబోయి, చెయ్యి ముందుకు ఊపి, మళ్ళీ మనసు మార్చుకుని బంతిని దగ్గరికి తీసుకుంటున్నాడు. అంతలో రైడర్స్ ఆటగాడు చార్లెస్ వుడ్‌సన్ వచ్చి గుద్దాడు. బంతి జారింది. రైడర్స్ దాని మీద పడ్డారు. మైదానంలో ఇచ్చిన తీర్పు కూడా రైడర్స్ పక్షమే. ఆట దాదాపు అయిపోయినట్టే.

అప్పుడు రెఫరీ వాల్ట్ కోల్‌మన్ రీప్లే చూశాడు. తీర్పు తిప్పేశాడు. 1999 నుంచి ఒక నియమం ఉండేది. విసరడానికి చెయ్యి ఒకసారి ముందుకు కదిలితే, ఆ తర్వాత బంతిని ఒంటికేసి తీసుకుంటూ జారవిడిచినా అది విసిరినట్టే లెక్క. కాబట్టి బంతి పేట్రియట్స్‌దే. తర్వాత ఆడం వినాటియరి ఆ మంచులో 45 గజాల దూరం నుంచి బంతిని తన్ని 13-13 చేశాడు. అదనపు సమయంలో ఇంకోసారి తన్ని 16-13తో గెలిపించాడు. అప్పటి పద్ధతి ప్రకారం అదనపు సమయంలో ముందు పాయింట్లు చేసినవాళ్ళదే గెలుపు. రైడర్స్ చేతికి బంతి రానే లేదు. రెండు వారాల తర్వాత పేట్రియట్స్ తమ మొదటి సూపర్ బౌల్ కూడా గెలిచారు.

ఇప్పుడు వాదన వినండి. రైడర్స్ అభిమాని అంటాడు: "అది దొంగతనం. చిన్నపిల్లాడిని అడిగినా బంతి జారిందనే చెప్తాడు." పేట్రియట్స్ అభిమాని అంటాడు: "పుస్తకంలో ఉన్నదే రెఫరీ చెప్పాడు. మావాడు మంచులో 52 సార్లు విసిరి 32 సార్లు అందించాడు. అది కూడా దొంగతనమేనా?"

అన్న చెప్తుంటే నాకు ఒకటి అర్థమైంది. వీళ్ళిద్దరూ ఒక ప్రశ్న గురించి తగువులాడడం లేదు. నాలుగు ప్రశ్నలను ఒకే మూటలో కట్టేసి తగువులాడుతున్నారు. రెఫరీ తప్పు చేశాడా? నియమం మంచిదా? బదులు ఆటగాడు బాగా ఆడాడా? ఆ గెలుపు వాళ్ళకు దక్కాల్సిందేనా? వీటికి వేరువేరుగా జవాబు చెప్పాలి. నా ఉద్దేశంలో రెఫరీ తప్పు చేయలేదు, ఉన్న నియమాన్ని అమలు చేశాడు. నియమం మాత్రం వంకరది, కంటికి కనిపించేదానికి ఎదురు చెప్పే నియమం. బ్రేడీ బాగా ఆడాడు. గెలుపులో అదృష్టం కూడా ఉంది. ఈ నాలుగూ ఒకేసారి నిజం కావచ్చు. కానీ అభిమానం ఉన్నచోట మనం ఒక్కదాన్నే పట్టుకుని మిగతా మూడింటినీ దాచేస్తాం.

తమిళం పీరియడ్‌లో మేము చదివే తిరుక్కురళ్‌లో నడువునిలైమై అని ఒక అధికారం ఉంది. అంటే ఏ పక్కకూ ఒరగకుండా ఉండడం. అందులో త్రాసు ప్రస్తావన కూడా వస్తుంది. మన త్రాసు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రెండు జట్ల చొక్కాలు మార్చి చూడాలి. అదే తీర్పు ఎదుటివాళ్ళకు లాభంగా వస్తే అప్పుడూ న్యాయమనే అంటామా?

విచిత్రం ఏమిటంటే, ఈ పరీక్ష నిజంగానే జరిగింది. బ్లెడ్సోకు దెబ్బ తగిలిన ఆ సెప్టెంబర్ 23 ఆటలోనే జెట్స్ క్వార్టర్‌బ్యాక్ విన్నీ టెస్టవర్డీ చేతిలోంచి బంతి జారితే పేట్రియట్స్ దొరకబుచ్చుకున్నారు. ఇదే నియమం చెప్పి రెఫరీలు దాన్ని జెట్స్‌కే ఇచ్చారు. పేట్రియట్స్ ఆ ఆట ఓడిపోయారు. అంటే నియమం వాళ్ళకు చేదూ తినిపించింది, తీపీ తినిపించింది. ఈ సంగతి తెలిశాక నాకు రెఫరీ మీద గౌరవం పెరిగింది. ఒకే కొలత ఇద్దరికీ పెట్టారు కదా.

కానీ పేట్రియట్స్ అభిమానులు ఇంకో మాట కూడా అంటారట: "1976లో మీరు మాకు చేసిందానికి ఇది చెల్లు." ఆ సంవత్సరం డిసెంబర్ 18న ఓక్లండ్‌లో పేట్రియట్స్ 21-17తో ముందున్నారు. చివరి నిమిషంలో వాళ్ళ ఆటగాడు క్వార్టర్‌బ్యాక్‌ని అక్రమంగా కొట్టాడని రెఫరీ శిక్ష వేశాడు. దాంతో రైడర్స్ బతికి 24-21తో గెలిచారు, ఆ ఏడు ఛాంపియన్లు కూడా అయ్యారు. ఆ శిక్ష అన్యాయమని పేట్రియట్స్ వాళ్ళు ఇప్పటికీ అంటారు. ఈ "చెల్లు" మాట నాకు నచ్చలేదు. 1976లో ఓడిన ఆటగాళ్ళు వేరు, 2002లో ఓడినవాళ్ళు వేరు. ఒకరికి ఇవ్వాల్సిన బాకీ ఇంకొకరి దగ్గర వసూలు చేస్తే అది బాకీ తీరడం ఎట్లా అవుతుంది?

ఇంతవరకూ రాసి ఆపేయొచ్చు. కానీ అన్న ఈ కథ చెప్తున్నంతసేపూ నాకు ఒక సున్నం గీత కనిపిస్తూనే ఉంది. అది కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

నేను మా బడి కబడ్డీ జట్టులో బెంచీ మీద కూర్చునేదాన్ని. పోయిన ఏడు పక్క ఊరి బడితో ఆట. బాగా కూతకు పోయే మా అక్కకు చీలమండ బెణికింది. పి.టి. సారు నన్ను దిగమన్నారు. చివరి కూత, రెండు జట్లూ సమానం. నేను పోయి ఒకమ్మాయి చెయ్యి తాకాను. తిరిగి వచ్చేటప్పుడు నా ఎడమ మడమ బయటి గీత దాటి నేలకు తగిలింది. నాకు స్పష్టంగా తెలిసింది. అంపైరు ఇంకో పక్క ఉన్నారు, దుమ్ము లేచి ఉంది. వాళ్ళు అరిచారు. అంపైరు చూడలేదు కాబట్టి పాయింటు మాకే ఇచ్చారు. ఒక్క పాయింటుతో గెలిచాం. "అక్క లేకపోయినా ఈ పిల్ల నిలబెట్టింది" అని అందరూ భుజం తట్టారు. నేను నవ్వాను.

బ్రేడీ కథ విన్నప్పుడు మొదట నాకు ధైర్యం వచ్చింది. "చూడు, అంత పెద్దవాడికే అట్లా జరిగింది, నాదేముంది" అనుకున్నా. తర్వాత ఆలోచిస్తే రెండూ ఒకటి కావని తెలిసింది. అక్కడ జరిగినదంతా రెఫరీ చూశాడు, మళ్ళీ చూశాడు, లోకమంతా చూసింది. బ్రేడీ దాచడానికి ఏమీ లేదు. తీర్పు చెప్పడం అతని పని కూడా కాదు. నా విషయంలో నిజం తెలిసింది నా మడమకు ఒక్కదానికే. అంపైరుకు కనిపించనిది నాకు తెలిసినప్పుడు నేను ఊరుకుంటే, ఆ తప్పు తీర్పు అంపైరుది కాదు, నాది. రెఫరీ చూసి పొరపాటు పడితే ఆటగాడు బాధ్యుడు కాదు. రెఫరీ చూడలేదని తెలిసి ఆటగాడు లాభం తీసుకుంటే మాత్రం అతను సగం రెఫరీ అయినట్టే.

ఈ ఏడు అదే బడి వాళ్ళతో మళ్ళీ ఆట వచ్చింది. ఆట మొదలుకాక ముందే ఆ అమ్మాయి దగ్గరికి పోయి, "ఆ రోజు నా మడమ గీత దాటింది" అని చెప్పాను. కోప్పడుతుంది అనుకున్నా. ఆమె నవ్వి తమిళంలో అంది: "అది మాకు తెలుసు. నీకు తెలుసో లేదో, అదే మాకు తెలియలేదు."

ఆ మాట నాకు పెద్ద పాఠం. ఓడినవాళ్ళు కప్పు తిరిగి ఇవ్వమని అడగడం లేదు. తాము చూసింది నిజమే అని ఒక్కరైనా ఒప్పుకుంటే చాలనుకుంటారు. రైడర్స్ అభిమాని ఇరవై ఏళ్ళుగా కాఫీ దగ్గర వాదించేది కూడా ఇందుకే అనుకుంటాను. 2013 మార్చిలో ఆ నియమాన్ని తీసేశారు. జట్ల యజమానులు ఓట్లు వేసినప్పుడు పేట్రియట్స్ ఏ పక్కకూ ఓటు వేయలేదు. నియమం బాగాలేదని చెప్పడానికి పదకొండేళ్ళు పట్టింది. ఆ మధ్యలో రెఫరీ కోల్‌మన్‌కు, తాను రిటైర్ అయ్యేదాకా, మళ్ళీ రైడర్స్ ఆట ఒక్కటీ దక్కలేదు. పుస్తకంలో ఉన్నది చెప్పినందుకు అతను మోసిన బరువు అది. వంకర నియమం రాసినవాళ్ళ కోపం అమలు చేసినవాడి మీద పడింది.

చివరగా, బదులు ఆటగాళ్ళ గురించి ఒక మాట. ఆ మంచు ఆట తర్వాతి ఆటలో, జనవరి 27న పిట్స్‌బర్గ్‌లో, బ్రేడీ చీలమండకు దెబ్బ తగిలింది. అప్పుడు బెంచీ మీద నుంచి లేచి వచ్చినవాడు ఎవరో తెలుసా? డ్రూ బ్లెడ్సో. తన చోటు పోగొట్టుకున్నవాడే బదులుగా దిగి, ముఖం చిట్లించకుండా ఆడాడు. జట్టు 24-17తో గెలిచింది. సూపర్ బౌల్‌లో మళ్ళీ బ్రేడీనే ఆడాడు. ఏప్రిల్‌లో బ్లెడ్సోను వేరే జట్టుకు పంపేశారు. అభిమానుల వాదనల్లో అతని పేరు తక్కువ వినిపిస్తుందని అన్న చెప్పాడు. ఎందుకంటే అతని విషయంలో తగువు పెట్టుకోవడానికి ఏ తీర్పూ లేదు.

కాబట్టి స్నేహితులారా, మన జట్టు గెలిచినప్పుడు సంతోషపడదాం, ఈలలు వేద్దాం. కానీ తీర్పు మనకు కలిసొచ్చిన రోజే చొక్కాలు మార్చి చూసే అలవాటు చేసుకుందాం. ఓడినప్పుడు న్యాయం అడగడం అందరికీ వచ్చు. గెలిచిన రోజు అడగడమే కష్టం. ఈ ఏడు ఆటలో మేము నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. ఆ రోజు ఇంటికి పోతూ, పోయిన ఏడు గెలిచిన రోజుకన్నా నేను హాయిగా నడిచాను.