ఒక ఫోటో, ఒక సందు

మా అపార్ట్‌మెంట్ ముందు రోజూ పొద్దున ఏడున్నరకి ఒక ఆటో ఆగుతుంది. అప్పటికే అందులో ఆరుగురో ఏడుగురో పిల్లలుంటారు. మా బిల్డింగు నుంచి ఇంకో ఇద్దరు ఎక్కుతారు. బ్యాగులన్నీ బయట వేలాడుతుంటాయి. మెయిన్ రోడ్డు ఎక్కాక యూటర్న్ కోసం కిలోమీటరుకి పైగా పోవాలి. డ్రైవరు అంత దూరం పోడు. ఎదురుగా బస్సులూ లారీలూ వస్తుంటే రాంగ్ రూట్‌లో అంచు పట్టుకుని వెళ్ళిపోతాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చేతిలో ఫోను.

ఒకసారి ఆపి అడిగాను. "లేటయితే గేటు మూస్తరు సార్" అని నవ్వాడు. ఇంకో వారం చూశాను. ఒకరోజు స్కూటరు పక్కకి ఆపి ఫోటో తీశాను. నంబరు ప్లేటు స్పష్టంగా పడింది. టైమూ చోటూ రాసి ట్రాఫిక్ పోలీసుల వాట్సాప్ నంబరుకి పంపించాను. ఫోనులో మాట్లాడుతూ నడపడం, ఎదురుదిశలో నడపడం రెండూ 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగే. కాబట్టి నేను చేసింది సరైన పనేనని ఆ రోజు నాకు ఏ అనుమానమూ లేదు.

కొన్నాళ్ళకి కింద వాచ్‌మన్‌తో అతను అంటున్న మాట చెవిన పడింది. "ఎవడో ఫోటో గొట్టి పంపిండు. చలానా వచ్చింది. రెండు రోజుల కష్టం పాయె." నేను గబగబా హెల్మెట్ పెట్టుకుని స్కూటరు స్టార్ట్ చేశాను.

సరైన పని చేసినవాణ్ణి ఎందుకు మొహం దాచుకున్నాను?

చిన్నప్పుడు బడిలో అందరికంటే ఎక్కువ చీదరించుకున్నది చాడీలు చెప్పేవాణ్ణే. అల్లరి చేసినవాణ్ణి కూడా అంతగా తిట్టుకోలేదు. పైగా తెలంగాణలో నా వయసువాళ్ళకి 'ఇన్ఫార్మర్' అన్న మాట ఉత్తమాట కాదు. ఆ ముద్ర పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కబురు చెప్పలేదని పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు. పోలీసుకి సంగతి చేరవేయడమంటే మనవాళ్ళని విడిచి అవతలి గట్టుకి పోవడమేనన్న భావన మనలో ఎక్కడో ఇంకా ఉంది.

కానీ చాడీకీ దీనికీ ఒక తేడా ఉంది. చాడీలో చెప్పేవాడికి ఏదో ఒకటి దక్కుతుంది: సారు దగ్గర మంచి పేరో, పక్కవాడి మీద కసి తీరడమో. ఉన్నది ఆ ఇద్దరే. రోడ్డు మీద మూడో మనిషి ఉన్నాడు. ఆటోలో కూచున్న పిల్ల కావచ్చు, ఎదురుగా బైకు మీద వస్తున్నవాడు కావచ్చు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. రోజుకి 460 మందికి పైనే. ప్రమాదం జరిగాక సాయం చేసేవాళ్ళని పోలీసులూ కోర్టులూ వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు అండగా నిలబడింది, 2019లో చట్టంలోకే ఆ రక్షణ వచ్చింది. ప్రమాదానికి ముందు నోరు విప్పాలా వద్దా అన్నది మాత్రం చాలామటుకు మన మనసుకే మిగిలిపోయింది.

ఇంతవరకూ ఆలోచించి నన్ను నేను సమాధానపరుచుకున్నాను. అదే నెలలో బావ కారెక్కాను.

శంషాబాద్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి. తిరిగొచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. బావ మూడు పెగ్గులు వేసుకున్నాడని నాకు తెలుసు, పక్కనే ఉన్నాను కాబట్టి. వెనక సీట్లో అక్క, ఆమె ఒళ్ళో తలలు పెట్టి నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు. నాకు కారు నడపడం రాదు. క్యాబ్ పిలుద్దామన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సగం దూరం వచ్చాక బావకి ఫోనొచ్చింది. ఎల్బీ నగర్ దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్ నడుస్తోందట.

"బామ్మర్దీ, ఇటు లోపల్నుంచి దారేమన్నా ఉందా?"

చెప్పాను. ఎడమకి తిప్పు బావా, ఆ మెడికల్ షాపు పక్క సందు, అక్కణ్ణించి కుడికి. నేనే దగ్గరుండి దాటించాను. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరమని తెలిసినవాణ్ణి, రెండు వారాల కింద ఒక ఆటోవాణ్ణి పట్టించినవాణ్ణి.

క్షేమంగానే ఇల్లు చేరాం. "ఏం కాలేదుగా" అంది అక్క మర్నాడు. నిజమే. కానీ ఆటోలో పిల్లలకి కూడా ఏం కాలేదు. అతని విషయంలో 'ఏమవుతుందో' అని చూశాను, బావ విషయంలో 'ఏమయిందో' అని చూశాను. తూకం రాళ్ళే మార్చేశాను.

కన్‌ఫ్యూషియస్ గురించి ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. గొర్రెని కాజేసిన తండ్రి మీద కొడుకు సాక్ష్యం చెబితే ఒక పాలకుడు ఆ కొడుకుని నిజాయితీపరుడని మెచ్చుకున్నాడు. కన్‌ఫ్యూషియస్ ఒప్పుకోలేదు. తండ్రీకొడుకులు ఒకరినొకరు కాచుకోవడంలోనే నిజాయితీ ఉందన్నాడు. నాకు ఈ మాట మీద గౌరవం ఉంది. ఇంటివాళ్ళని పట్టించడానికి తహతహలాడేవాణ్ణి చూస్తే నాకూ భయమే. కాకపోతే గొర్రె పోతే గొర్రెనివ్వొచ్చు. ఆ కారులో నిద్రపోతున్నది ఇద్దరు పిల్లలు. అసలు బావని కాచుకోవడమంటే ఏమిటి? చెకింగ్ తప్పించడమా, తాళాలు తీసుకోవడమా?

ఇక్కడ ఇంకో సుళువైన దారి కనిపిస్తుంది. నేనే ఇలాంటివాణ్ణి కదా, ఆటోవాణ్ణి పట్టించే హక్కు నాకేముంది అనుకోవడం. వినడానికి వినయంలా ఉంటుంది, నిజానికి ఇది బేరం. ఒక తప్పు చేశాను కాబట్టి ఒక ఒప్పుని వెనక్కి తీసుకుంటానంటే, రెండు చోట్లా నష్టపోయేది ఆ మూడో మనిషే. దిద్దుకోవాల్సింది సందు సంగతి. ఫోటో ఒప్పే, కానీ చవకైన ఒప్పు. పేరు తెలియదు, మొహం చూడక్కర్లేదు, ఎదురుతిరిగే శక్తి లేనివాడు. పంపించేసి నా పని అయిపోయిందనుకున్నాను. ప్రభుత్వాలకి కూడా చలానా ఒక బకాయి లాంటిదే. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాలకి రాయితీ ఇస్తే టూవీలర్లవాళ్ళు పావు వంతు కట్టి బయటపడ్డారు. డబ్బు వసూలైంది, యూటర్న్ మాత్రం అక్కడే ఉంది.

తర్వాతి ఆదివారం అక్కవాళ్ళింటికి వెళ్ళాను. "బావా, ఆ రోజు దారి చెప్పడం నా తప్పు. ఇంకోసారి మీరు తాగి స్టీరింగ్ పట్టుకుంటే పిల్లల్ని దింపేస్తాను. వినకపోతే 100కి ఫోన్ చేస్తాను" అన్నాను. బావ నవ్వి ఊరుకున్నాడు. అక్క ఊరుకోలేదు. "మీ బావని పోలీసులకి పట్టిస్తావురా?" అంది. అప్పట్నించి ఆమె ఫోన్లు తగ్గాయి. మొన్న ఇంకో పెళ్ళికి మాత్రం వాళ్ళు క్యాబ్‌లో వచ్చారు. నా మీద కోపంతోనో, భయంతోనో, అడగలేదు.

ఆటో నాలుగు రోజులు యూటర్న్ దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి వెనక నంబరు ప్లేటు మీద ఒక స్కూలు బ్యాగు వేలాడుతోంది. కావాలనే పెట్టాడో లేదో చెప్పలేను. నిన్న కిందికి దిగి, ఆ ఫోటో పంపింది నేనేనని చెప్పాను. కాసేపు నా వైపే చూశాడు.

"మీరా సార్" అన్నాడు. తర్వాత, "నాకు పంపినట్టే ఆ బడోళ్ళకు గూడ ఒకటి రాయున్రి. గేటు పది నిమిషాలు ఆగి మూయమని."

రాశాను. జవాబు ఇంకా రాలేదు.