సంతకం నీదే తల్లీ

తల్లీ, డైటీషియన్‌గా ఉద్యోగంలో చేరావని విని నా కడుపు నిండింది. డైట్ చార్టులు రాయడానికి చాట్‌జీపీటీ సాయం తీసుకుంటున్నానన్నావు. వద్దనను. ఓపీ బయట అంతమంది కూర్చుని ఉంటే, వారం రోజుల మెనూ అది నిమిషంలో రాసిపెట్టడం మంచిదే. అలా మిగిలిన సమయాన్ని మాత్రం రోగికే ఇవ్వు.

కిడ్నీ జబ్బుతో ఒక పెద్దాయన వచ్చాడనుకో. ఉప్పు తగ్గించమని యంత్రం చెబుతుంది, అది సరైన మాటే. కానీ ఆయన కొడుకు ప్రేమతో తెచ్చిపెట్టిన లో సోడియం ఉప్పు సంగతి దానికెలా తెలుస్తుంది? అందులో సోడియం కొంత తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు పొటాషియాన్ని బయటికి పంపలేనప్పుడు అది పేరుకుపోయి గుండె లయ తప్పవచ్చు. ఎండలు మండుతున్నాయని రోజూ కొబ్బరిబొండాం కూడా తాగుతుంటాడేమో, అందులోనూ పొటాషియమే. ‘ఏం తింటున్నారు?’ అని అడిగితే ‘అంతా మామూలేనమ్మా’ అంటారు మనవాళ్లు. ఆ మామూలులో ఏముందో పొద్దుటి కాఫీ నుంచి రాత్రి మజ్జిగన్నం దాకా, నంజుకున్న ఆవకాయతో సహా, నిదానంగా రాబట్టాలి. వండేవాళ్లు పక్కనే ఉంటే వాళ్లనూ అడుగు. ఒక్కోసారి అసలు సంగతి వాళ్ల నోటి నుంచే వస్తుంది.

అమెరికాలో అరవై ఏళ్ల ఆయన ఒకరు తిండిలో క్లోరైడ్ లేకుండా చేసుకోవాలనుకుని చాట్‌జీపీటీని అడిగాడు. ఆ తర్వాత మూడు నెలలు వంటల్లో ఉప్పు బదులు సోడియం బ్రోమైడ్ వాడాడు. ఆ బ్రోమైడ్ ఒంటికి విషమై, పొరుగాయన తనకు విషం పెడుతున్నాడన్న అనుమానంతో ఆసుపత్రికి చేరాడు. 2025లో ఒక వైద్య పత్రికలో ఈ కేసు వచ్చింది. ‘ఉప్పు మీకేం చేసిందండీ, ఎందుకు మానాలనుకుంటున్నారు?’ అని అడిగే మనిషి ఆయనకు తొలిరోజే దొరికి ఉంటే అంతదాకా వచ్చేది కాదని నా నమ్మకం.

యంత్రం ఇచ్చిన అంకెలనూ గుడ్డిగా రాయకు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల్లో 528 పదార్థాల విలువలున్నాయి. వాటితో సరిచూసుకో. ఇంత మంచి పుస్తకం మన ఊళ్లోనే తయారైంది, బల్ల మీదే ఉంచుకో.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రోగి పేరు, ఫోన్ నంబరు, రక్త పరీక్షల కాగితాలు ఫోటో తీసి అలా యాప్‌లోకి ఎక్కించకు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. చట్టం లేకపోయినా, పెళ్లి కావలసిన పిల్ల ఒకతె తన పీసీఓడీ సంగతి నిన్నొక్కదాన్నే నమ్మి చెప్పిందనుకో. అడగకుండా ఆ మాటను ఇంకెక్కడికీ పంపే హక్కు మనకు లేదు. యంత్రం సాయం తీసుకున్నానని కూడా రోగులకు దాచకుండా చెప్పు. ‘నేను ప్రతి వరుసా చూశానండీ’ అని ధైర్యంగా అనగలిగితే ఎవరూ నిన్ను చిన్నచూపు చూడరు.

చార్టు కింద ఉండేది నీ సంతకం. రేపు ఆ పెద్దాయనకు ఏదైనా అయితే వాళ్లింటివాళ్లు వచ్చేది నీ దగ్గరికే. అందుకే చేతికిచ్చే ముందు ఒకసారి మొత్తం చదువు. ఎందుకు పెట్టావో నువ్వు చెప్పలేని వరుస కనిపిస్తే కొట్టేసెయ్ తల్లీ.